చెత్త అనిపించుకున్న డీఎన్ఏ గారికి

అయ్యా,

మనిషి జీనోమ్‌లో, అంటే ఒక పూర్తి డీఎన్ఏ సెట్టులో, సుమారు 310 కోట్ల అక్షరాలుంటే, ప్రొటీన్ రాసే వంతు రెండు శాతం కూడా లేదు. మిగతా ఇల్లంతా తమదే. ఇంత ఆస్తి పెట్టుకుని, 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో గారు ‘జంక్’ (చెత్త) అని పేరు పెడితే పడి ఉన్నారు. 2012లో, డీఎన్ఏలో ఏ ముక్క ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ శాస్త్రవేత్తల బృందం జీనోమ్‌లో 80 శాతానికి ఏదో ఒక పని ఉందనేసరికి కాలరెగరేశారు. ఆ లెక్కలో ఆర్‌ఎన్‌ఏగా కాస్త నకలైనా, ఓ ప్రొటీన్ వచ్చి కాసేపు అంటుకున్నా పని కిందే జమ. రిజిస్టర్లో సంతకం పెట్టిన ప్రతివాడికీ ప్రమోషనన్నమాట!

మీలో పనిమంతులు లేరని కాదు. జడ్‌ఆర్‌ఎస్ అనే ఎన్‌హాన్సర్‌నే, అంటే జన్యువుని ఆన్ చేసే స్విచ్చినే తీసుకోండి. ఎల్‌ఎంబీఆర్‌1 అనే జన్యువు ఇంట్రాన్‌లో (జన్యువు నకలు నుంచి కత్తిరించేసే ముక్కలో) అద్దెకుంటుంది, పనిచేసేది మాత్రం దాదాపు పది లక్షల అక్షరాల అవతలున్న సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుకి. పిండంలో చెయ్యి మొలిచేటప్పుడు చిటికెన వేలి వైపు ఆ జన్యువుని ఆన్ చేస్తుంది. ఇందులో కొన్నిచోట్ల ఒక్క అక్షరం మారినా చాలు, స్విచ్చి బొటనవేలి వైపూ పడుతుంది, బిడ్డ అదనపు వేలితో పుడుతుంది. ఎలుకల్లో దీన్ని పూర్తిగా తీసేస్తే కాళ్లు మొండిగా ఆగిపోయాయి. పని అంటే అదీ!

మన దేశంలో బీటా తలసీమియా అనే వారసత్వ రక్తహీనత జబ్బుకి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం కూడా మీ వాటాలోదే. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రొటీన్ జన్యువు మొదటి ఇంట్రాన్‌లో అయిదో అక్షరం, జీ బదులు సీ. ఇంట్రాన్ ఎలాగూ కత్తిరించి పారేసేదే కదా అంటారా? ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు దాని మొదట్లోనే ఉంది. గుర్తు చెడితే కత్తెర పక్కదారి పడుతుంది, సరైన గ్లోబిన్ తగ్గిపోతుంది. రెండు కాపీలూ అలాగే వచ్చిన పిల్లల్లో చాలామందికి కొద్ది వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే.

అలాగని మొత్తం కుటుంబానికి జీతం అడగకండి. ఉల్లి చేసిన మేలు తల్లి చేయదంటారు గానీ, తమ వాదనకి ఉల్లి చేసిన కీడు ఇంకెవరూ చేయలేదు. దాని జీనోమ్ మనిషిదానికి అయిదు రెట్లు. డీఎన్ఏ అంతా పనికొచ్చేదే అయితే, ఉల్లిపాయకి అంత మేధస్సు దేనికండీ? యుట్రిక్యులేరియా గిబ్బా అనే పురుగుల్ని తినే నీటిమొక్క తమవాళ్లలో చాలామందిని గెంటేసి, ఎనిమిది-పది కోట్ల అక్షరాలతో హాయిగా పూలు పూస్తోంది.

ఇక తమ ఆలూ (Alu) తమ్ముళ్లు, అంటే తమ నకళ్లని జీనోమ్ నిండా అతికించుకుంటూ పోయిన డీఎన్ఏ ముక్కలు. ఒక్కొక్కరు 300 అక్షరాలు, పది లక్షలకు పైగా జిరాక్సులు, జీనోమ్‌లో పదో వంతు ఆక్రమణ. వాళ్లలో ఒకడు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 9 జన్యువులో దూరి హీమోఫీలియా తెచ్చిపెట్టాడు. అదీ పని కిందే రాయమంటారా?

ఇట్లు,
తమ పొరుగున ఇరుక్కుని, ప్రొటీన్ రాస్తూ బతికే ఓ ఎక్సాన్