యూరిక్ యాసిడ్ దొరగారికి నల్లగొండ నుంచి మనవి

మహారాజశ్రీ యూరిక్ యాసిడ్ దొరగారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మా బాపు రక్తపరీక్ష కాగితంలో తమరు డెసిలీటరుకు 7.9 మిల్లీగ్రాముల దగ్గర కొలువుదీరారని, హద్దు దాటారన్న గుర్తుగా పక్కన నల్లటి నక్షత్రం కూడా పెట్టించుకున్నారని తెలిసి ఇల్లంతా లేచి నిలబడింది. అదే రోజు డాక్టరు చీటీ మూలన పెన్నుతో రాసిన 160/100 అనే బీపీని మాత్రం ఎవరూ కూర్చోమని కూడా అనలేదు.

తమరి దొరతనం నిన్నటిది కాదు. చాలా జంతువుల ఒంట్లో తమరిని విరిచివేసే యూరికేస్ అనే ఎంజైమును సుమారు కోటిన్నర ఏళ్ల కిందట మన పూర్వీకులు పోగొట్టుకున్నారు. అప్పటి నుంచి తమరిని సాగనంపే పని మూత్రపిండాల మీద, కొంత పేగుల మీద పడింది. బీపీతో తమరికి పొత్తు ఉందన్న మాటా పాతదే. లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ 1879లోనే ఆ అనుమానం వెలిబుచ్చాడు. ఆయన పాట్నాలో పుట్టి ఇంగ్లండు చేరిన షేక్ దీన్ మహమ్మద్ మనవడు కనుక, తమరి మీద మొదటి ఫిర్యాదులో మనవాళ్ల చెయ్యి కొంత ఉన్నట్టే.

ఆ తరువాత ఎలుకల్లో తమరిని పెంచి చూస్తే బీపీ పెరిగింది. 2008లో, కొత్తగా బీపీ బయటపడిన 30 మంది కౌమారవయస్కులకు అల్లోప్యూరినాల్ ఇచ్చి తమరిని దించితే 20 మందికి బీపీ మామూలు స్థాయికి వచ్చింది. ఉత్తుత్తి గోలి వేసుకున్న కాలంలో ఒక్కరికే వచ్చింది. నేరం రుజువైందని అందరూ అనుకుంటుండగా, 2021లో 18 నుంచి 40 ఏళ్ల లోపు వారు 99 మందితో జరిపిన పరిశోధనలో తమరు దిగారు గాని బీపీ దిగలేదు. పుట్టుకతోనే తమరిని ఎక్కువగా మోసే జన్యువులున్న వారిని పరిశీలించినా, బీపీకి మూలం తమరేనని అన్ని అధ్యయనాలూ ఒక్కమాట మీద చెప్పలేదు. బీపీ ఉన్నచోట తమరు తరచుగా కనబడతారన్నది నిజం. దాన్ని తెచ్చింది తమరే అన్నది ఇంకా తేలని వ్యాజ్యం.

తీర్పు రాకముందే మా ఇంట్లో శిక్ష అమలైంది, అదీ కందిపప్పుకు, పాలకూరకు. పప్పుల్లోను కూరగాయల్లోను ఉండే ప్యూరిన్ల (ఒంట్లో విరిగి తమరిగా మారే పదార్థాల) వల్ల గౌట్, అంటే తమరు కీళ్లలో పేరుకుని తెచ్చే వాపు, నొప్పి ముప్పు పెరగదని, అమెరికాలో 47 వేల మందికి పైగా మగవారిని పన్నెండేళ్లు గమనించి 2004లోనే చెప్పారు. ఆ కబురు నార్కట్‌పల్లి దాటి ఇటు రాలేదు. తమరి సొంత బంధువులైన బోటి, కార్జం, బీరు మాత్రం దావతులకు యథాప్రకారం విచ్చేస్తున్నాయి. మామిడికాయ తొక్కులోని ఉప్పు ఊసు ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అది బీపీ పద్దు, దానికి నక్షత్రం లేదు.

అసలు తమరిని ఇంటికి పిలిచిందెవరో చూద్దాం. బాపు బీపీ గోలిలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది. అది ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి తోలుతూ, తమరిని మాత్రం ఒంట్లోనే ఉండనిస్తుంది. అంటే కొన్ని ఇళ్లలో బీపీ వెంట తమరు రావడానికి బీపీ మందే దారి వేస్తుందన్నమాట. లోసార్టాన్ అనే మరో బీపీ మందు తమరిని కూడా కొంత బయటికి పంపుతుంది. గోలి మార్చవచ్చునా అని డాక్టరును అడగడం చిన్నతనమనిపించి కాబోలు, మా బాబాయి మెడికల్ షాపుకు వెళ్లి తమరి కోసమే ఫెబుక్సోస్టాట్ తెచ్చాడు. గౌట్ ఎన్నడూ రానివారికి ఒట్టి అంకెను చూసి ఇలాంటి మందు మొదలుపెట్టవద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో సూచించింది. అయినా తమరి గోలి ఒక్కపూట తప్పదు. బీపీ గోలి మాత్రం తల నొచ్చిన రోజునే గుర్తుకు వస్తుంది.

కావున దొరగారు కోపగించుకోకుండా చిత్తగించవలెను. సోమవారం బాపును, మందుల సంచిని డాక్టరు ముందు పెట్టి, ముందుగా 160/100 సంగతి మాట్లాడుతాము. తమరి వంతు ఆ తరువాతే. ఎప్పుడైనా బాపు కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేని స్థితి వస్తే, ఆ కేసు తమరి మీదే పెడతాము. అందులో సాక్ష్యానికి కొదవ లేదు.

ఇట్లు,
తమరి ఏలుబడిలోని ఒక బీపీ కుటుంబం,
నల్లగొండ.