మోదుగు పూసే ఆరు వారాలు

మాఘ పున్నమి నుంచి ఉగాది దాకా లెక్కేస్తే ఆరు వారాలు. వరంగల్ చుట్టూ ఉన్న గుట్టలు, చెరువులు, అడవి అంచులు చూసి రావడానికి వసంతం మనకిచ్చే గడువు అంతే. ఆ తర్వాత పొద్దున తొమ్మిదికే ఎండ మాడు పగలగొడుతుంది. ఇంత చిన్న గడువును కూడా చాలామంది తప్పు వేళలో, తప్పు చోట పోగొట్టుకుంటున్నారు. ఆదివారం పదింటికి తాపీగా బయల్దేరి బొగత జలపాతానికో లక్నవరం చెరువుకో పోతారు. నీళ్లు తగ్గి బండలు తేలిన చోట మిట్టమధ్యాహ్నం నిలబడి, ఇక్కడేముందని పెదవి విరిచి తిరిగొస్తారు.

ఆ చోట్ల అందానికి వచ్చిన లోటేమీ లేదు. బొగత చూడాల్సింది ఆగస్టులో, చెరువులు మత్తడి దుంకేటప్పుడు. ఫాల్గుణం వచ్చేసరికి యాసంగి వరికి తూముల నుంచి నీళ్లు పోతుంటాయి. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో మట్టం వారం వారం దిగుతుంది. ఈ రోజుల్లో నీళ్ల కోసం కాకుండా చెట్ల కోసం పోవాలి.

మన అడవి ఆకు రాల్చే అడవి. నేలలో తడి తగ్గుతుంటే చెట్టు ముందుగా ఆకును వదిలేస్తుంది, ఎందుకంటే నీళ్లు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకు నుంచే. సరిగ్గా అప్పుడే మోదుగు, బూరుగు, కొండగోగు పూస్తాయి. ఆకు అడ్డం లేని కొమ్మ మీద ఎర్రటి పువ్వు పిట్టలకు దూరం నుంచే కనిపిస్తుంది. మోదుగు, బూరుగు పువ్వుల్లో పుప్పొడిని మోసేది ఎక్కువగా పిట్టలే. గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, ఏట్రింతలు పొద్దున్నే తేనెకు దిగుతాయి. ఇరవై చోట్లు చుట్టి రావడం కంటే, నిండా పూసిన ఒక్క బూరుగు చెట్టుకు ఇరవై అడుగుల దూరంలో ఆరున్నర నుంచి ఏడున్నర దాకా కదలకుండా కూర్చోవడం మేలు. ఎనిమిది దాటితే సందడి సగమవుతుంది.

దీనికి దూరం పోనక్కర్లేదు. వరంగల్ కోటకొచ్చేవాళ్లు తోరణాల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు, బయటనున్న మట్టికోట కట్టను చూసేవాళ్లు తక్కువ. పొద్దున గంట నడకకు అది చక్కటి చోటు. కొంచెం దూరమైనా ఫర్వాలేదనుకుంటే రేగొండ దగ్గరి పాండవుల గుట్టలున్నాయి. ఇసుకరాతి గుట్టల సందుల్లో నీడ ఉంటుంది, బండల మీద ఆదిమానవులు వేసిన ఎర్రటి బొమ్మలుంటాయి. నర్సంపేట మీదుగా పోతే పాఖాల. 1213 ప్రాంతంలో గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అభయారణ్యం. నీళ్లు దిగిన ఒడ్డున కొంగలు, ఉల్లంకి పిట్టలు మేతకు దిగుతాయి. చలికాలపు వలస బాతులు కావాలంటే మాత్రం మార్చి దాకా ఆగొద్దు, అప్పటికి చాలావరకు వెళ్లిపోతాయి.

రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. అక్కడ చెప్పులు విప్పాలి. గుడి చుట్టూ ఉన్న రాతి అరుగుకు పైకప్పు లేదు. పదకొండు దాటితే పిల్లల అరికాళ్లు కాలిపోతాయి. తొమ్మిదిలోపు చేరండి, లేదా సంచిలో మందపాటి మేజోళ్లు పెట్టుకోండి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘ పున్నమి వారంలో ములుగు వైపే పోవద్దు.

మొత్తం లెక్క ఇలా ఉండాలి: ఐదింటికి ఇల్లు కదలడం, పొద్దు పొడిచేసరికి చెట్టు కింద ఉండటం, పదిన్నరకు తిరుగు బండి ఎక్కడం. నడిచే ప్రతి గంటకూ మనిషికి అర లీటరు నీళ్లు, పైన ఒక లీటరు అదనం. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది, చింతపండు పులిహోర నిలుస్తుంది. తినేవి పాలిథిన్ కవర్లో పట్టుకుంటే కోతులు చేతిలోంచే లాక్కుపోతాయి, జిప్పున్న సంచిలో పెట్టాలి. కట్టల వెంట సర్కారు తుమ్మ ముల్లు టైరులో దిగడం మామూలే. ట్యూబ్‌లెస్ టైరైతే ముల్లు పీకొద్దు. అది ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, పంక్చర్ దుకాణం దాకా చేరొచ్చు.

ఇక నిజంగా ప్రమాదమైనవి. పూల కాలం తేనెటీగల కాలం కూడా. పెద్ద తేనెటీగలు గుట్టల చరియలకు, ఎత్తైన చెట్లకు తుట్టెలు పెడతాయి. పొగ, ఘాటు సెంటు, విసిరిన రాయి వాటిని రేపుతాయి. లేస్తే చేతులు విసరకుండా, ముఖం కప్పుకొని బండి లోపలికో ఇంటి లోపలికో పరుగెత్తాలి. చెరువులో దూకితే తల ఎత్తగానే మళ్లీ కుడతాయి. చర్మంలో మిగిలిన ముల్లును వెంటనే గోరుతో గీరేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ విషం లోపలికి దిగుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి.

దూలగొండి కాయలు కూడా ఈ రోజుల్లోనే ఎండుతాయి. వాటి నూగు గాలికి వచ్చి మీద పడితే రుద్దొద్దు, రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకునే టేపు అద్ది తీసేసి, తర్వాత కడగాలి. మార్చి రెండో సగం నుంచి తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి, వాటి కోసం ఎలుగుబంట్లు వస్తాయి. లోపలి అడవిలో బాగా తెల్లవారక ముందు ఇప్పచెట్ల కిందికి పోకూడదు. చెరువు ఒడ్డున పగుళ్లు తేలిన ఒండ్రును నమ్మొద్దు. పైన పెళ్లలా ఎండినా అడుగున మోకాలి లోతు బురద ఉంటుంది. మట్టి తవ్విన గుంతలు నీటి కింద కనపడవు. ఈ కాలంలో చెరువులో ఈతకు దిగడమంత పొరపాటు లేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మంట. వనభోజనాలు కార్తీకంలో పెట్టుకున్న పెద్దలకు కారణం తెలుసు: అప్పుడు నేల తడి, గడ్డి పచ్చన. అవే మూడు రాళ్ల పొయ్యి, అదే దావత్ ఫాల్గుణంలో చీలమండ లోతు ఎండుటాకుల మధ్య పెడితే ఒక్క నిప్పురవ్వ చాలు. చాలాసేపు నడిచిన బండిని ఎండుగడ్డి మీద ఆపినా సైలెన్సర్ వేడికి అంటుకోవచ్చు. నేలంటు మంటకు పెద్ద చెట్లు తట్టుకుంటాయి, మొలకలు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు తట్టుకోలేవు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం కూడా. వంట ఇంట్లోనే చేసుకుపోవాలి, ఇందులో మినహాయింపు వద్దు.

పువ్వులు కోయడమూ వద్దు. హోళీ రంగుకు కింద రాలినవే సరిపోతాయి. రెండు దోసిళ్ల రేకల్ని రెండు లీటర్ల నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి వడకడితే పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది. చిటికెడు సున్నం వేస్తే ముదురుతుంది. కానీ కంట్లో పడితే మంట, పిల్లలు ఆడేదానికి వేయకూడదు.

ప్రభుత్వం వైపు నుంచి కావాల్సినవి పెద్ద ఖర్చువి కావు. వసంతం ఆరు వారాల్లో ఆదివారాలు తెల్లవారుజామున ఐదింటికి హనుమకొండ నుంచి పాఖాలకు ఒకటి, రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఒకటి ఆర్టీసీ బస్సు, పదిన్నరకు అవే తిరుగు బస్సులు. టికెట్ ఇచ్చే చోట్ల ఆరింటికే తలుపు తీసే మనిషి, నీళ్ల కుండ, చెట్ల పేర్లు తెలిసిన ఒక స్థానిక యువకుడు. కొత్త గాజు వంతెన కంటే ముందు ఇవి రావాలి.