రీఫండ్ చేయును

మన తరఫున పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్ చేతికిచ్చే ప్రతి టూల్‌కీ, అంటే అది పిలిచి పని చేయించుకునే ప్రతి చిన్న ప్రోగ్రాంకీ, కనీసం మూడు నాలుగు వాక్యాల వివరణ ఉండాలట. క్లాడ్ అనే ఏఐని తయారుచేసే ఆంత్రోపిక్ వాళ్లు తమ డాక్యుమెంటేషన్‌లో ఈ మాట రాసి మరీ పెట్టారు. ఇది మన పరిపాలనా సంప్రదాయం మీద దాడి కాక మరేమిటి? "వివరములకు సంబంధిత అధికారిని సంప్రదించగలరు" అని బోర్డు పెట్టి, ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో చెప్పకుండా దశాబ్దాల తరబడి ఆఫీసులు నడిపిన వాళ్లం. ముష్టి టూల్ ఒకటి నడపలేమా?

ఆదర్శ నమూనా చూడండి. ఆన్‌లైన్ దుకాణంలో కస్టమర్ల గోడు వినే ఏజెంట్ ఒకటుంది. దానికిచ్చిన టూల్ పేరు "ప్రాసెస్". వివరణ: "రీఫండ్ చేయును." నింపాల్సిన గళ్లు రెండు: "ఐడీ", "అమౌంట్". కట్టె, కొట్టె, తెచ్చె! రామాయణమంతా మూడు ముక్కల్లో తేలిపోయినప్పుడు రీఫండ్‌కి నాలుగు వాక్యాలా?

కస్టమర్ 500 రూపాయలు వెనక్కి అడుగుతాడు, ఆర్డర్ నంబరు చెబుతాడు. ఏజెంట్ ఆ నంబరునే ఐడీ గడిలో వేస్తుంది. కింద ఉన్నది ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే రేజర్‌పే లాంటి గేట్‌వే అయితే, దానికి కావాల్సింది "పే_"తో మొదలయ్యే పేమెంట్ ఐడీ. మన టూల్ "ఎర్రర్ 400" అని గంభీరంగా సెలవిచ్చి ఊరుకుంటుంది. ఏది తప్పో చెప్పడం మర్యాద కాదు కదా. ఏజెంట్ అదే నంబరుతో ఇంకో మూడుసార్లు ప్రయత్నించి, చివరికి ఎలాగో పేమెంట్ ఐడీ వెతికి పట్టుకుని, అమౌంట్ గడిలో 500 వేస్తుంది. గేట్‌వే లెక్క పైసల్లో. కస్టమర్‌కి అయిదు రూపాయలు వెళ్తాయి.

నిజానికి "అమౌంట్ పైసల్లో" అన్న ముక్క కోడ్‌లో కామెంట్‌గా ఉంది. ఏజెంట్‌కి మెదడులాంటి ఏఐ మోడల్‌కి కోడ్ కనిపించదు. దానికి కనిపించేది టూల్ పేరు, వివరణ, ఏ గడిలో ఏ రకం విలువ వేయాలో చెప్పే స్కీమా, అంతే. కొత్తగా చేరిన కుర్రాడైతే టీ దగ్గర సీనియర్‌ని "అన్నా, ఇది రూపాయలా పైసలా?" అని అడిగేవాడు. ఏజెంట్‌కి టీ లేదు, అన్న లేడు. ఖాళీ కనిపిస్తే ఊహతో నింపుతుంది, అదీ మహా ధీమాగా.

తేదీల్లోనూ ఇదే వినోదం. 03/04 అంటే మనకి ఏప్రిల్ మూడు, అమెరికా వాళ్లకి మార్చి నాలుగు. మోడల్ ఇద్దరి రాతలూ చదివి పెరిగింది. "2025-04-03 రూపంలో" అని ఒక్క ఉదాహరణ పడేస్తే గొడవ ఉండదు, కానీ అంత ఉదారత మనకెక్కడిది?

ఇక "గెట్_ఆర్డర్", "ఫెచ్_ఆర్డర్", "ఆర్డర్_ఇన్ఫో" అని మూడు టీములు మూడు టూల్స్ రాశాయనుకోండి. ఒకటి అప్పటికప్పుడు డేటాబేస్ చూస్తుంది, ఒకటి నిన్న రాత్రి తీసిన కాపీ చూపిస్తుంది, మూడోది రద్దయిన ఆర్డర్లే ఇస్తుంది. మూడింటికీ వివరణ ఒకటే: "ఆర్డర్ వివరములు ఇచ్చును." ముగ్గురు సుబ్బారావులున్న వీధిలో ఇంటి నంబరు లేని ఉత్తరం. ఏ టూల్‌ని ఎప్పుడు వాడకూడదో ఒక్క వాక్యం రాస్తే పోయేది, కానీ పోస్ట్‌మ్యాన్ తెలివికి పరీక్ష ఉండొద్దూ?

ఇన్ని జరిగాక మనవాళ్లు దిద్దుబాటుకి దిగుతారు. టూల్ జోలికి మాత్రం పోరు. ఏజెంట్‌కి ముందే ఇచ్చే ఆదేశాల పత్రం, అదే సిస్టమ్ ప్రాంప్ట్‌లో "రీఫండ్ విషయంలో మిక్కిలి జాగ్రత్తగా ఉండవలెను" అని చేరుస్తారు, ఇంగ్లీషులోనైతే పెద్దక్షరాల్లో. తెలుగుకి ఆ సౌకర్యం లేకపోవడం మన దురదృష్టం. ఏజెంట్ మిక్కిలి జాగ్రత్తగా మళ్లీ 500 వేస్తుంది.

ఇంకో వర్గం యాభై టూల్స్‌కి ఏపీఐ మాన్యువల్ (ప్రోగ్రామర్ల కోసం రాసిన వాడకం పుస్తకం) మొత్తం అతికిస్తుంది. ఆ భారమంతా ప్రతి పిలుపుతోనూ కాంటెక్స్ట్‌లోకి, అంటే మోడల్ ఒకేసారి చదివే పాఠంలోకి వెళ్తుంది, మాటల ముక్కల లెక్కన పడే టోకెన్ల బిల్లు పెరుగుతుంది, పైసల సంగతి నలభయ్యో పేరాలో నిద్రపోతుంది. ఈ పద్ధతి మీద నాకు గౌరవమే. దాచడంలో ఇదీ ఒక కళ.

భయమల్లా మధ్యలో బయల్దేరిన వాళ్లతోనే. "ప్రాసెస్" పేరుని "రీఫండ్_పేమెంట్" అని మార్చి, గడికి "అమౌంట్_పైసే" అని పేరు పెట్టి ఇలా రాస్తున్నారు: "పూర్తయిన పేమెంట్‌లో కొంతగానీ మొత్తంగానీ వెనక్కి పంపుతుంది. ఐడీ 'పే_'తో మొదలవ్వాలి. ఆర్డర్ నంబరే ఉంటే ముందు గెట్_ఆర్డర్ పిలవాలి. రూ.500కి 50000 ఇవ్వాలి. డెలివరీ కాని ఆర్డర్‌కి ఇది వాడొద్దు, క్యాన్సిల్_ఆర్డర్ వాడాలి. 'సక్సెస్' అంటే అభ్యర్థన అందిందని మాత్రమే. డబ్బు జమ అయిందని కస్టమర్‌కి చెప్పొద్దు. టైమవుట్ అయితే మళ్లీ పంపే ముందు స్టేటస్ చూడాలి, లేకపోతే రెండుసార్లు వెళ్తుంది."

అంతా విప్పి చెప్పేస్తే, రేపు డబ్బు తప్పుగా వెళ్లిన రోజున మీటింగ్‌లో "మోడల్‌కి ఇంకా తెలివి చాలదండీ" అని ఏ మొహం పెట్టుకుని అంటాం?