ఇంజన్ ఆగితే వెనక్కి తిప్పకండి

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఈ వారం ఒకే మెసేజ్ నాలుగుసార్లు వచ్చింది. "చిన్న విమానం ఇంజన్ ఆగితే రాయిలా పడుతుంది. ప్రొపెల్లర్ గవర్నర్ పోతే ఇంజన్ ఆగిపోతుంది. ఎత్తు తక్కువైనా సరే, వెంటనే వెనక్కి తిప్పి రన్‌వే మీదకి రావాలి. కుదరకపోతే గోదావరిలో దించడమే క్షేమం. ప్రొపెల్లర్ లివర్ పూర్తిగా వెనక్కి లాగాలి." చిన్న విమానాల ఇంజన్లు విప్పి బిగిస్తూ బతికినవాణ్ణి, ఇక ఊరుకోలేను.

రాయిలా పడదు. సెస్నా 172 అనే చిన్న విమానం ఇంజన్ లేకుండా 1000 అడుగుల నుంచి 2.5 కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు.

మన చేలల్లో ఆయిల్ ఇంజన్ గవర్నర్ డీజిల్ తగ్గించి, పెంచి వేగం పట్టి ఉంచుతుంది. విమానంలోది ఇంధనం జోలికే పోదు, ఆయిల్ ప్రెజర్‌తో బ్లేడ్ల కోణం మారుస్తుంది. ఒంటి ఇంజన్ విమానాల్లో చాలావాటికి ఆ ప్రెజర్ పోతే ఇంజన్ ఆగదు, ఆర్‌పీఎం ఎర్రగీత దాటుతుంది. థ్రాటిల్ తగ్గించాలి, ముక్కు కాస్త ఎత్తి వేగం తగ్గించాలి, ఆయిల్ గేజ్ చూడాలి. సూది పడిపోతుంటే ఇంజన్ పట్టేసేలోపు దిగే చోటు వెతుక్కోవాలి.

ఇక వెనక్కి తిప్పడం. మా వీధి కుర్రాడు పైలట్ శిక్షణలో ఉన్నాడు. "బాబాయ్, ఇదే కదా పద్ధతి?" అని అడిగితే గుండె గుభేలుమంది. టేకాఫ్ అయ్యాక 300 అడుగుల్లో ఇంజన్ ఆగిందనుకోండి. ఏం జరిగిందో తెలిసేసరికే కొన్ని సెకన్లు పోతాయి. రన్‌వేకి ఎదురు రావాలంటే సగం చుట్టు చాలదు, అప్పటికే పక్కకి జరిగిపోయి ఉంటారు. 45 డిగ్రీలు వాల్చి తిప్పితే స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం, సుమారు 19 శాతం పెరుగుతుంది. నేల దగ్గరపడుతోందని భయంతో ముక్కు లాగుతారు, ఒక రెక్క ఒక్కసారిగా కిందికి వాలిపోతుంది. ఆ ఎత్తులో సరిచేసుకునే వ్యవధి ఎక్కడిది? ముక్కు దించి, వేగం కాపాడుకుని, ఎదురుగా ఉన్నదాంట్లో దిగాలి. మన రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో లేచినా అంతే. కొబ్బరితోట తప్పించి కోత అయిన చేలో దిగితే విమానం విరగొచ్చు, మనిషి బతికే అవకాశం ఎక్కువ. ఎత్తు బాగా ఉండి, ముందే సాధన చేసినవాళ్ల సంగతి వేరు. "ఎత్తు తక్కువైనా సరే" అని రాయడానికి చేతులెలా వచ్చాయి?

గోదావరి మాట. చక్రాలు బయటే ఉండే విమానం నీళ్లు తగలగానే తిరగబడొచ్చు. లంకలో ఇసుక తిన్నె కనిపిస్తుంటే నీళ్లలోకి ఎందుకు?

లివర్ ముక్క మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నా. ఒంటి ఇంజన్ విమానంలో ఆయిల్ ప్రెజర్ ఇంకా మిగిలి ఉంటే, లివర్ వెనక్కి లాగితే బ్లేడ్ల కోణం మారి గాలికి అడ్డు తగ్గుతుంది, ఇంకొంత దూరం వెళ్లొచ్చు. పంపాలనిపిస్తే అదొక్కటే పంపండి. ఆ వెనక్కి తిప్పే వాక్యం ఇప్పుడే తీసేయండి. మా వీధి కుర్రాడు వచ్చే వారం మొదటిసారి ఒంటరిగా ఎగరబోతున్నాడు.