అరగంట మాట, పది గంటల మౌనం

ఓ సీరియస్ విషయం మాట్లాడాలి, నవ్వకుండా చదవండి. సెల్‌ఫోన్ బ్యాటరీలు ఈ మధ్య మరీ ఎక్కువసేపు వస్తున్నాయి. దీని గురించి ఎవరూ నోరెత్తట్లేదు.

"ఛార్జింగ్ అయిపోతోంది పిన్నీ, పెట్టేస్తున్నా." ఈ ఒక్క ముక్క మీద ఎన్ని చుట్టరికాలు నిలబడ్డాయో మీకు తెలుసు. తప్పు నాదీ కాదు, ఆవిడదీ కాదు, బ్యాటరీది. పైగా "అయ్యో, సరేరా, ఛార్జింగ్ పెట్టుకో" అని ఆవిడే జాలిపడేది.

అసలు మొదట్లో ఎంత పద్ధతిగా ఉండేదో చూడండి. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మార్టిన్ కూపర్ అనే మోటరోలా ఇంజనీరు మొట్టమొదటి సెల్‌ఫోన్ కాల్ చేశాడు, ఎవరికి అంటే పోటీ కంపెనీలో పనిచేసే ఇంజనీరుకి, అంటే ఎదురింటోడు ఉడుక్కోడానికే ఈ వస్తువు పుట్టిందన్నమాట, అందుకే మనకి అంత బాగా నచ్చింది. పదేళ్ళకి, 1983లో, అమ్మకానికి పెట్టిన డైనాటాక్ ఫోన్ ముప్పావు కిలో పైనే బరువు, దాదాపు 4 వేల డాలర్లు. అరగంట మాట్లాడితే బ్యాటరీ ఖాళీ, మళ్ళీ నిండాలంటే పది గంటలు. అరగంట మాటకి పది గంటల మౌనవ్రతం! ఇంతకన్నా నాగరికమైన లెక్క నేనెక్కడా చూళ్ళేదు.

ఆ రోజుల ఫోన్లలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీలకి ఓ జబ్బుండేది, మెమరీ ఎఫెక్ట్ అనేవాళ్ళు. పూర్తిగా దిగకుండా రోజూ సగంలోనే ఛార్జింగ్ పెడితే ఆ సగం దగ్గరే గుర్తుపెట్టుకుని చతికిలపడేదట. మా పిన్నికీ అంతే మెమరీ, మొన్న మాట ఎక్కడ ఆపామో అచ్చంగా గుర్తు. తేడా ఒక్కటే, బ్యాటరీ అక్కడ ఆగిపోయేది, పిన్ని అక్కణ్ణుంచి ఎత్తుకుంటుంది.

ఆ కాలం పోయినా మా నాన్న మాత్రం ఇప్పటికీ ఫోన్ చచ్చేదాకా ఛార్జర్ దగ్గరికి వెళ్ళడు. సన్నపిన్ను ఛార్జర్ రోజుల్లో షాపువాడు "ఫస్ట్ టైం ఎనిమిది గంటలు పెట్టండి, పూర్తిగా దిగాకే మళ్ళీ పెట్టండి" అన్నాడని. ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీకి అలా సున్నా దాకా దిగడమూ పడదు, వేడీ పడదు నాన్నా అంటే "నువ్వు నాకు చెప్పేవాడివా" అంటాడు, ఆ చెప్పేది కూడా ఫోన్‌ని దిండు కింద పెట్టి ఛార్జ్ చేస్తూ!

ఇక ఈ లిథియం అయాన్ సంగతి. 1991లో సోనీ వాళ్ళు మార్కెట్లోకి తెచ్చారు, 2019లో దీని వెనకున్న ముగ్గురికి నోబెల్ ఇచ్చారు, అందులో గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. పెద్దాయన్ని ఏమీ అనలేం గానీ, కమిటీవాళ్ళు ఒక్కసారి మా పిన్నితో మాట్లాడి నిర్ణయం తీసుకోవాల్సింది. ఎనభై శాతం దాకా పరిగెత్తి, ఆ మిగతా ఇరవైకి మాత్రం తాసిల్దారాఫీసు ఫైల్లా నడుస్తుందే, లిథియంలో నాకు నచ్చే గుణం అదొక్కటే. దాన్ని కూడా ఫాస్ట్ ఛార్జర్లు పెట్టి పాడుచేస్తున్నారు.

ఈ దేశంలో మౌనం విలువ తెలిసింది రైల్వేకే. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపాలని 2021లో నిర్ణయించారు. నిప్పు భయం అన్నార్లెండి. నేను మాత్రం ఎదురు బెర్తు ఆయన స్పీకర్ పెట్టి పొలం గట్టు తగాదా తీర్చడం విన్నాకే ఈ నిర్ణయం తీసుకున్నారనుకుంటున్నా.

కాబట్టి ప్రభుత్వం వెంటనే బ్యాటరీకి అరగంట సీలింగ్ పెట్టాలి. భూమికి పెట్టగా లేనిది దీనికి పెట్టలేరా? ఆసుపత్రులకీ, ప్రేమికులకీ మినహాయింపు ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇంత ఆవేశం ఎందుకంటే, మొన్న సంక్రాంతికి పిన్ని అరిసెలు పంపింది. డబ్బా అడుగున పేపర్లో చుట్టి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. "నీ ఫోన్ మాటిమాటికీ ఆగిపోతోంది కదరా" అంది, పాపం నిజంగానే నమ్మింది ఇన్నేళ్ళూ. థ్యాంక్స్ చెబుదామని ఫోన్ చేశా. గంటా నలభై నిమిషాలు. నా ఫోన్లో తగ్గింది ఎనిమిది శాతం, పవర్ బ్యాంక్ మీద నాలుగు లైట్లూ అలాగే వెలుగుతున్నాయి.