ఆరని మీసం

బొమ్మ వేయించుకోవడానికి మనిషి ఒక్కరే వస్తారు. దాన్ని దిద్దించడానికి మాత్రం వంశం మొత్తం దిగుతుంది.

ఆమధ్య షష్టిపూర్తి ఉందంటే ఒక బట్టల కొట్టు షావుకారు గారి బొమ్మ ఒప్పుకున్నాను. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, ఆయిల్ పెయింటింగే కావాలన్నారు. "మునిమనవలు కూడా చూసుకోవాలి ఆర్టిస్టు గారూ, గట్టి సరుకు వాడండి" అని అడ్వాన్సు చేతిలో పెట్టారు. ఫోటో ఇస్తే చాలన్నా వినలేదు, ఎదురుగా కూర్చుంటానన్నారు. కూర్చున్నారు కూడా. కిటికీ పక్కన కుర్చీ, సిల్కు లాల్చీ, భుజం మీద కండువా. నేను బొగ్గుతో తల కొలత పెట్టుకునేలోపే గుర్రు మొదలైంది. గుర్రు గుర్రుకీ మీసం లేస్తూ దిగుతుంటే దాన్ని ఎక్కడ ఆపి వేయాలో తేలలేదు. కళ్ళు మాత్రం ఫోన్లో ఫోటో చూసి వేసుకున్నాను.

ఆ మీసం గురించి కాస్త చెప్పాలి. గుబురుగా, పాలతెలుపు, కొసల్లో కాఫీ మరక. ముందు బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు పల్చగా పూసి నీడలు పెట్టాను. దాని మీద టైటానియం వైట్‌లో రవ్వంత ఎల్లో ఓకర్ కలిపి, సన్న బ్రష్షుతో వెంట్రుక వెంట్రుకా లాగాను. నా చేతిలో అంత బాగా కుదిరినవి తక్కువ. ముట్టుకుంటే అంటనంతగా ఆరనిచ్చాను కూడా.

అప్పుడు దిగారు. పెద్దమ్మాయి డాలస్ నుంచి వీడియో కాల్‌లో. "నాన్నేంటి, తాతయ్యలా ఉన్నారు?"

"ఆయన తాతయ్యే కదమ్మా" అన్నాను.

అల్లుడు గారు బుగ్గలు తగ్గించమన్నారు. అమ్మగారి దృష్టంతా మెడలో గొలుసు మీద. "అసలుది ఆరు కాసులు బాబూ. ఇదేంటి దారప్పోగులా వేశారు, నలుగురూ ఏమనుకుంటారు?" బ్రష్షు నాలుగుసార్లు తిప్పేసరికి గొలుసు తూకం పెరిగింది. ఇప్పుడున్న రేట్లలో బంగారం అంత చవగ్గా ఇంకెక్కడా రాదు.

ఆఖర్న పెద్దబ్బాయి గారు తీర్పు చెప్పారు. "మీసం నల్లగా చేసేయండి. ఎల్లుండి ఫంక్షన్‌కి నాన్న కూడా డై వేసుకుంటున్నారు."

ఎల్లుండికి ఆరదని మొత్తుకున్నాను. ఆయిల్ రంగు నీళ్ళ రంగులా తడి ఆవిరై ఆరేది కాదు. అందులోని అవిసె నూనె గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని నిదానంగా గట్టిపడాలి. అంబర్ అయితే తొందరగా ఆరుతుంది. మీసానికి వేయాల్సిన నల్ల రంగు, ఐవరీ బ్లాక్, మహా బద్ధకం, రోజులు గడిచినా వేలికి అంటుతూనే ఉంటుంది. వార్నిష్ వేయాలంటే ఏకంగా ఆర్నెల్లు ఆగాలి. అంతా శ్రద్ధగా విని, "ఫ్యాను కింద పెట్టండి" అన్నారు. అల్లుడు గారు హెయిర్ డ్రయర్ పంపించారు.

మీసం నల్లబడింది. "తడి రంగు, ముట్టుకోవద్దు" అని వెనక చీటీ అంటించి పంపాను.

ఆవిష్కరించాలంటే ముందు కప్పాలి కదా. నేను కల్యాణ మండపానికి వెళ్ళేసరికే, సొంత కొట్టులోంచి తెచ్చిన మీగడ రంగు శాలువా బొమ్మ మీద కప్పేసి ఉంది. నేను చూస్తుండగానే, అది జారిపోతోందని ఎవరో పుణ్యాత్ముడు సరిగ్గా మధ్యలో అరచేత్తో అదిమాడు. నాకు టెన్షన్ మొదలైంది. 1954లో చర్చిల్ 80వ పుట్టినరోజుకి బ్రిటిష్ పార్లమెంటు వాళ్ళు గ్రాహం సదర్లాండ్ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి ఇచ్చారు. చర్చిల్‌కి దాన్ని చూస్తే ఒళ్ళు మంట. తర్వాత ఇంట్లోవాళ్ళే దాన్ని తగలబెట్టించేశారు. ఎంతైనా సదర్లాండ్ అదృష్టవంతుడు, ఆయన రంగులైనా ఆరాయి.

ముఖ్య అతిథి శాలువా లాగారు. చప్పట్లు మొదలై మధ్యలో ఆగాయి. నలుపు శాలువాతో పాటే వెళ్ళిపోయి, కింద ఆరిన తెల్ల మీసం తళతళా బయటపడింది. ఎడమ కొస ఒక్కటే నల్లగా మిగిలింది. పక్కన కుర్చీలో షావుకారు గారు నిగనిగలాడే డైతో కూర్చున్నారు. జనం బొమ్మనీ ఆయన్నీ మార్చి మార్చి చూశారు.

మైకు పట్టుకున్న కుర్రాడు తెలివైనవాడు. మాట మార్చడానికి, "ఇప్పుడు అతిథి గారికి సత్కారం" అని ప్రకటించాడు. ఆ హడావిడిలో చేతికందిన శాలువా అదే. ఎవరో దాన్ని ఆయనకే కప్పారు. తీసేసరికి ఆయన తెల్ల ఖద్దరు చొక్కా మీద, జేబుకి కొంచెం పైన, ఒక కొస తక్కువగా షావుకారు గారి మీసం అచ్చు పడి ఉంది. ఫోటోగ్రాఫర్ దాన్ని అన్ని వైపుల నుంచీ తీశాడు.

అందరికంటే ముందు నవ్వింది షావుకారు గారే. "చూశావే, ఇదీ నా మొహం. ఇలాగే ఉండనీ" అన్నారు అమ్మగారితో. ఆవిడ మాత్రం గొలుసు చూసి తృప్తి పడ్డారు.

మర్నాడు బ్యాలెన్స్ కోసం కొట్టుకి వెళ్ళాను. లెక్కల పుస్తకం తీసి కళ్ళజోడు సర్దుకున్నారు. "తెల్ల మీసానికి పైసాతో సహా ఇస్తాను ఆర్టిస్టు గారూ. నల్లది మా ఇంటికి రాలేదుగా? అది ఎవరి చొక్కా మీదుందో వారి దగ్గరే వసూలు చేసుకోండి."

శాలువా ఖరీదు కూడా అందులోనే మినహాయించుకున్నారు. హోల్‌సేల్ రేటే వేశానన్నారు.