రేకు డబ్బాకు అప్పుడే పాడె కట్టనక్కరలేదు

కొన్ని వారాలుగా వాట్సాప్‌లో ఒక సందేశం చేతులు మారుతోంది. "రేకు డబ్బాల పరిశ్రమ పని అయిపోయింది, ప్లాస్టిక్కూ అట్టపెట్టెలూ దాన్ని మింగేశాయి, డబ్బాలో తిండి సీసం కలిసిన విషం, క్యాన్లను కరిగించి మళ్లీ వాడతారన్నది కట్టుకథ, ఈ రంగంలో డబ్బు పెట్టినవాడికీ, ఉద్యోగంలో చేరినవాడికీ మిగిలేది ఏమీ లేదు" అన్నది దాని సారాంశం. చిత్తూరు జిల్లాలో ఒక మామిడి గుజ్జు కర్మాగారంలో, నాణ్యతా విభాగంలో కొన్నేళ్లు పనిచేసినవాడిగా ఈ మాటలకు వరుసగా జవాబు చెప్పదలచుకున్నాను.

పరిశ్రమ చచ్చిపోయిందన్న మొదటి మాట రెండు వేర్వేరు పరిశ్రమలను ఒకే గాటన కడుతోంది. తగరం పూత పూసిన ఉక్కు రేకుతో చేసే డబ్బా ఒకటి. నూనె, నెయ్యి, రంగులు, రసగుల్లాలు, మామిడి గుజ్జు నింపేది అందులోనే. అల్యూమినియం బిళ్లను గిన్నెలా నొక్కి, గోడలను సాగదీసి చేసే పానీయాల క్యాన్ మరొకటి. మొదటిదాని విషయంలో సందేశంలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఇంటికి వచ్చిన పదిహేను కిలోల నూనె డబ్బా ఖాళీ అయ్యాక బియ్యానికో నీళ్లకో పనికొచ్చేది. ఇప్పుడు ఆ నూనెలో చాలా భాగం పాకెట్లలోకీ ప్లాస్టిక్ క్యాన్లలోకీ వెళ్లిపోవడంతో, ఆ డబ్బాలు చేసే చిన్న యూనిట్లకు గడ్డుకాలం వచ్చింది. మామిడి గుజ్జులోనూ పెద్ద పానీయాల కంపెనీలు కొనే సరుకు క్రిమిరహితమైన పెద్ద సంచుల్లోకి మారింది; అయితే గల్ఫ్ దుకాణాలకు వెళ్లే తోతాపురి గుజ్జు ఇప్పటికీ 850 గ్రాముల డబ్బాల్లోనూ, ఏ10 అనే 3.1 కిలోల పెద్ద సైజు డబ్బాల్లోనూ ఓడ ఎక్కుతోంది. ఆ పెద్ద సంచిని సైతం ఉక్కు డ్రమ్ములో దించే పంపుతారన్న సంగతి సందేశం రాసినవారు ఎరగరు కాబోలు.

రెండోదాని కథ పూర్తిగా వేరు. బాల్ సంస్థ మహారాష్ట్రలోని తలోజాలోనూ మన శ్రీసిటీలోనూ, క్యాన్‌ప్యాక్ ఔరంగాబాద్‌లోనూ హర్యానాలోని నూహ్‌లోనూ ఈ క్యాన్లు చేస్తున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి అల్యూమినియం క్యాన్లకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ధ్రువీకరణ తప్పనిసరి కావడంతో దిగుమతులకు అడ్డంకి ఏర్పడి, ఇక్కడి ఉత్పత్తి గిరాకీకి చాలక, ఆ ఏడాది చివర్లో బీరు తయారీదారులు నిబంధన సడలించాలంటూ కేంద్రానికి మొరపెట్టుకున్నారు. చచ్చిపోతున్న పరిశ్రమ సరుకు కోసం కొనేవాళ్లు ప్రభుత్వం తలుపు తట్టరు.

ఇక విషం మాట. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే జనం భయపడేది దీనికే. నలభై ఏళ్ల కిందట ఎవరైనా సీసం గురించి హెచ్చరించి ఉంటే నేనూ తలూపేవాణ్ని. అప్పట్లో డబ్బా పక్క అతుకును సీసం కలిసిన టంకంతో అతికేవారు. అమెరికా తయారీదారులు 1991 నాటికి ఆ పద్ధతి మానుకోగా, 1995లో అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇప్పటి ఆహారపు డబ్బాలో రేకు అంచులను మిల్లీమీటరు కన్నా తక్కువ మేర ఒకదానిపై ఒకటి ఉంచి, రాగి తీగ ద్వారా విద్యుత్తు పంపి వెల్డింగ్ చేస్తారు. అందులో టంకం ఊసే లేదు.

అసలు భయపడవలసింది మూత అతుకు గురించి. సీజన్‌లో మేము షిఫ్టుకు పలుమార్లు సీమర్ (డబ్బాకు మూత బిగించే యంత్రం) నుంచి ఒక డబ్బా తీసి, దాని అంచును సన్నని రంపంతో కోసి, ప్రొజెక్టరు కింద పెట్టి చూసేవాళ్లం. మూత రేకువి మూడు పొరలు, డబ్బా ఒంటి రేకువి రెండు, మొత్తం అయిదు పొరలు కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకుని కనిపించాలి. ఆ పట్టు కొలతకు తగ్గితే, అంతకుముందు తనిఖీ తర్వాత వచ్చిన సరుకంతా పక్కన పెట్టవలసిందే. డబ్బా తిండి ప్రాణం మీదికి తెచ్చేది ఈ అతుకులో సందు మిగిలినప్పుడో, ఉడికించడం చాలనప్పుడో. ఉబ్బిన డబ్బాను ముట్టుకోవద్దనేది అందుకే.

తగరం పుల్లని పదార్థంలోకి కొంత కరుగుతుందన్నది నిజమే. చదరపు మీటరుకు 2.8 గ్రాముల పూత అంటే దాని మందం అర మైక్రాన్ కూడా ఉండదు, పైగా డబ్బా ఆహారంలో తగరం కిలోకు 250 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అనాస ముక్కల డబ్బాల్లో లోపల లాకర్ (రేకు ఆహారానికి తగలకుండా వేసే పూత) వేయకుండా కావాలనే వదిలేస్తారు, ఎందుకంటే పండు రంగు మారకుండా కాపాడేది ఆ తగరమే. డబ్బా తెరిచాక గాలి తగిలి తగరం వేగంగా కరుగుతుంది కనుక, మిగిలినదాన్ని గాజు సీసాలోకి మార్చడం మంచిది. నిజంగా ప్రశ్నించదగ్గ విషయం లాకర్, దాని ప్రస్తావన మాత్రం సందేశంలో ఎక్కడా లేదు. ఎపాక్సీ రకం లాకర్లలో వాడే బిస్‌ఫినాల్-ఏ అనే రసాయనాన్ని ఆహారాన్ని తాకే వస్తువుల్లో నిషేధిస్తూ ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది. అలాంటి లాకర్ వాడి అక్కడికి ఎగుమతి చేసేవారంతా దాన్ని మార్చుకోవలసిందే.

కరిగించి వాడడం కట్టుకథ అన్నదానికి జవాబు మన వీధి చివర పాత సామాన్ల కొట్టులోనే దొరుకుతుంది. ప్లాస్టిక్ కవరును దాటిపోయే మనిషి ఖాళీ క్యాన్‌ను వదలడు. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికయ్యే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత క్యాన్‌ను కరిగించవచ్చు. మన హిండాల్కో 2007లో కొన్న నోవెలిస్ అనే అల్యూమినియం కంపెనీ, తన లెక్క ప్రకారం, ఏటా 8,000 కోట్లకు పైగా పాత క్యాన్లను కరిగిస్తోంది. మన దేశంలో ఏరిన క్యాన్ తిరిగి క్యాన్‌గా కాక, ఎక్కువగా పోతపోసిన సరుకుగా మారుతోందని విమర్శిస్తే ఒప్పుకుంటాను.

ఉద్యోగాల విషయంలో సందేశం సగం నిజం. నిమిషానికి రెండు వేల క్యాన్లు చేసే లైనుకు వందల మంది అక్కరలేదు. సీమర్‌నూ అచ్చులనూ సరిచేయగల ఫిట్టరు మాత్రం తప్పనిసరి, అలాంటివాడు సులభంగా దొరకడు. పెట్టుబడికి అసలు గండం గిరాకీలో లేదు, రేకులో ఉంది. డబ్బా ఖర్చులో పెద్ద వాటా రేకుదే, దాన్ని చేసేవారా కొద్దిమంది. జంషెడ్‌పూర్‌లో 1920లో పుట్టిన టిన్‌ప్లేట్ కంపెనీ 2024లో టాటా స్టీల్‌లో కలిసిపోయింది. అమెరికాలో అదే ఏడాది వీర్టన్ పట్టణంలోని టిన్‌ప్లేట్ (తగరం పూత రేకు) మిల్లు ఆగిపోయింది. 2025లో అక్కడ ఉక్కు దిగుమతులపై సుంకం మార్చిలో 25 శాతానికీ, జూన్‌లో 50 శాతానికీ చేరి, బయటి రేకుపై ఆధారపడ్డ అక్కడి డబ్బా తయారీదారులకు భారమైంది. కనుక యూనిట్ పెట్టదలచినవారు ఈ సందేశాన్ని పక్కన పెట్టి, రేకు ఎవరిస్తారు, ఏ ధరకు, ఏ తేదీకి అన్న ఒప్పందం ముందు చేతిలో పెట్టుకోవాలి. తోతాపురి జూన్, జులైల్లో కోతకు వస్తుంది. రేకు సెప్టెంబరులో దిగితే ఆ డబ్బాల్లో నింపడానికి గుజ్జు ఉండదు.